అక్వేరియం ఉన్న ఇంట్లో మిరుగం

మే 18, ఆదివారం

అక్వేరియం వచ్చేసింది! కోరుట్ల నుంచి జగిత్యాలకు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి కొన్నాను. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. చిన్నదే, టీవీ పక్కన బల్ల మీద పట్టేంత. తారకు ఆరేళ్లు, క్రాంతికి నాలుగు. ఈ ఎండాకాలం సెలవుల్లో ఇద్దరూ ఫోన్‌కి అతుక్కుపోయారు. ఇక నుంచి ఫోన్ బంద్. చేపల్ని చూస్తారు.

తెచ్చినవి: గాజు తొట్టి, రంగు రాళ్లు, బుడగలొచ్చే ఫిల్టరు, ప్లాస్టిక్ మొక్క, మేత డబ్బా, చేతి వల.

తేనివి: చేపలు.

దుకాణం దావీదు ఇవ్వనన్నాడు. "అన్నా, ఇయ్యాల తొట్టి కొంచవో. నీళ్లు వోసి ఫిల్టర్ నడువనియ్యి. నీళ్లు కుదిరినంక వచ్చే ఐతారం చేపలు కొంచవోదువు. తొందరవడితే సచ్చిపోతయ్" అన్నాడు. క్రాంతి కోరుట్ల దాకా ఏడ్చాడు. ఇంటికొచ్చి రాళ్లు కడిగాను. మళ్లీ కడిగాను. నడుము పట్టేసింది.

మా అమ్మ ముత్తవ్వ తొట్టిలోకి తొంగిచూసి, "ఏమున్నదిర ఇండ్ల? ఉత్త నీళ్లేనా?" అంది. పక్కింటి నాగవ్వ కూడా వచ్చి, మా నీళ్లను చూసి వెళ్లింది.

మే 21, బుధవారం

పిల్లలు నీళ్లు చూస్తున్నారు. బుడగలు చూస్తున్నారు. ఫోన్ అడగలేదు. నా ఉపాయం చేపలు లేకుండానే పనిచేస్తోంది.

క్రాంతి అడిగాడు. "డాడీ, గా రాళ్లల్లకెల్లి చేపలు మొలుస్తయా?"

"గవి గింజలు కావురా" అని తార కసిరింది. అయినా వాడికి నమ్మకం కుదరలేదు. పొద్దున నేను లేచేసరికి తొట్టిలో చెయ్యి పెట్టి ఒక పచ్చరాయిని తిప్పి చూస్తున్నాడు.

మే 25, ఆదివారం

చేపలు! ఆరు. నాలుగు గప్పీలు, రెండు నల్ల మోలీలు. దావీదు అంతకంటే ఎక్కువ ఇవ్వనన్నాడు. చేపలున్న కవరును అలాగే నీళ్ల మీద కాసేపు తేలనిచ్చి, తర్వాత మెల్లగా వదిలాం. తార వాటికి పేర్లు పెట్టింది. జిలేబీ, బూందీ, రిబ్బను, చిట్టి. మోలీలు రెండూ ఒకేలా ఉండటంతో రెండిటికీ కలిపి కాకిపిల్లలు.

నేనూ చూద్దామని వంగాను. తార రెండు చేతులూ బార్లా చాపి అడ్డం నిలబడింది.

"నువ్వు జరుగు డాడీ. నువ్వు చేపలు తింటవ్. అవి నిన్ను జూసి భయపడ్తయ్."

ఆ మాట నిజమే. తినడమంటే మామూలుగా తినను మరి. ఆదివారం బొచ్చె, వారం మధ్యలో దొరికితే రవ్వ చేప, చేతిలో నాలుగు రాళ్లు ఆడిన రోజు కొర్రమట్ట. పెళ్లైన కొత్తలో మా వసంత పుట్టింటికి ఫోన్ చేసి, "అమ్మా, గీయన ముండ్లు సుత మిగుల్చుతలేడు" అని చెప్పింది.

కానీ నేను తెచ్చిన తొట్టి అది. మేత వేద్దామని చెయ్యి చాపితే తార డబ్బాను వీపు వెనక దాచేసింది. నాకు బాధేసింది. పిల్లల కోసమే అని అందరికీ చెప్పాను కానీ, ఆ చేపలు పైకొచ్చి మేత అందుకుంటుంటే తార పక్కన నేనూ ఉండాలని నా ఆశ.

అక్కడికక్కడే మాటిచ్చాను. తొట్టిలో చేపలున్నన్నాళ్లు నేను చేపలు తినను.

తార మేత డబ్బాను గుండెకు హత్తుకుంది. "బడి తెరిచేదాక తినకుంటే, నీ చేతుల మేత వోస్త. అప్పటిదాక దూరంకెల్లి చూడు" అంది.

బడి జూన్ 12న తెరుస్తారు. ఎంతలోకి వస్తుంది!

మే 26, సోమవారం

నాది ఫ్లెక్సీల దుకాణం. మా దగ్గర ఎవరు ఏ పని మొదలుపెట్టినా ముందు ఫ్లెక్సీ పడుతుంది. నేను మాత్రం తక్కువా? దుకాణం తెరవగానే నాదే కొట్టాను. చేతులు జోడించిన నా ఫోటో. చుట్టూ ఆరు చేపలు. కింద పెద్దక్షరాలు: "ఈ ఇంట్లో చేపలు తినబడవు. ఇట్లు, మీ ప్రేమ్‌కుమార్."

తొట్టి పైన గోడకు కట్టాను. క్రాంతి చూసి, "డాడీ, నీ పుట్టిన్రోజా?" అన్నాడు.

వసంత చూసి నవ్వింది. "తినకుంటే తినకు. గోడకు గట్టుడెందుకయ్యా? రేపు మీదికొస్తది."

ఏమీ రాదు. ఒళ్లు తేలికగా ఉంది. మధ్యాహ్నం పప్పు, చింతచిగురు. ఎంత రుచి! ఇన్నాళ్లూ పప్పును పట్టించుకోనందుకు సిగ్గేసింది.

మే 29, గురువారం

పప్పు.

మే 30, శుక్రవారం

పప్పు. నాగవ్వ ఇంట్లోంచి వాసన. ఎండు చేపలు, టమాటా. కిటికీ మూశాను. వాసన తలుపు వైపు నుంచి వచ్చింది. తలుపు మూశాను. ఉక్కపోతకు అందరూ కలిసి నన్ను తిట్టారు.

తార మాత్రం, "గట్టిగుండు డాడీ" అంది. నేను తొట్టి నుంచి మూడడుగుల దూరంలో కుర్చీ వేసుకున్నాను. నిన్నటి కంటే ఒక అడుగు దగ్గర. ఆమె అడ్డం రాలేదు.

మే 31, శనివారం

ఒక చిన్న విషయం. రొయ్య చేప కాదు. ఫోన్‌లో చూసి నిర్ధారించుకున్నాను. జాతే వేరు. పేరుకు నీళ్లలో ఉంటుంది, అంతే. నీళ్లలో కప్ప కూడా ఉంటుంది, దాన్ని చేప అంటామా?

శ్రీకాంత్ దుకాణానికి టిఫిన్ డబ్బా తెచ్చాడు. వాడు నాతో పదో తరగతి దాకా చదివాడు, నా మనసు తెలిసినవాడు. రొయ్యల వేపుడు. మాట తప్పలేదు.

జూన్ 3, మంగళవారం

ఎండు చేప గురించి కూడా ఆలోచించాల్సి వచ్చింది. అది నీళ్ల మొహం చూసి నెలలవుతుంది. ఎండలో ఎండి, ఉప్పులో ఊరి, సంచిలో మూలుగుతూ ఉంటుంది. ఇంకా దాన్ని చేప అనడం ఎంతవరకు న్యాయం? చెక్కకు, చెట్టుకు తేడా లేదా?

నాగవ్వ గిన్నెలో పంపింది. అమ్మకోసమే పంపింది. పిల్లలు బయట ఆడుకుంటున్నారు. రెండు ముక్కలు. తర్వాత సోంపు నమిలాను.

జూన్ 5, గురువారం

నిద్ర లేచేసరికి తొట్టి నిండా గంజి!

అమ్మ పని. రాత్రి అందరూ తిన్నాక, గిన్నెలో మిగిలిన అన్నం గుప్పెడు తొట్టిలో వేసిందట. ఎందుకమ్మా అంటే, "గా పోరి చిటికెడు చిటికెడు ఏత్తాంది. ఇంటికొచ్చిన జీవాలను పస్తులుంచుతమారా?" అంది. నిజంగానే జాలిపడి వేసింది. 

చేపలు పైన తేలి నోళ్లు తెరిచి మూస్తున్నాయి. తార ఒకటే ఏడుపు. దావీదుకు ఫోన్ చేశాను. సగం నీళ్లు తీసెయ్యమన్నాడు, రెండు రోజులు మేత వద్దన్నాడు. నిన్న బకెట్లో పట్టి ఉంచిన నల్లా నీళ్లున్నాయి, బతికిపోయాం. పైపుతో అడుగున ఉన్న అన్నం లాగాను. దుకాణం తెరవలేదు. మధ్యాహ్నానికి నీళ్లు తేటపడ్డాయి. సాయంత్రానికి జిలేబీ మొక్క చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. ఆరూ బాగున్నాయి.

తార నా తడి చొక్కా పట్టుకుని, "నువ్వు మంచోనివి డాడీ. ఇంక కొన్ని దినాలే గద. ఆగు" అంది.

సోంపు గుర్తొచ్చింది. రేపటి నుంచి రొయ్యలు, ఎండువి కూడా బంద్. ఖచ్చితంగా.

జూన్ 7, శనివారం

రేపు మిరుగం, మృగశిర కార్తె. నేను క్యాలెండర్ చూడనే లేదు!

మిరుగం నాడు మా వైపు చేప తినని ఇల్లు ఉండదు. ఎండలు పోయి వానలొచ్చే రోజు, ఒంట్లో వేడి పుట్టాలని. మార్కెట్లో తెల్లారకముందే వరస కడతారు. ఏడాదంతా చేప ముట్టని వాళ్లు కూడా ఆ రోజు ఒక ముక్క నోట్లో వేసుకుంటారు. నేను పుట్టాక ఒక్క మిరుగమూ తప్పలేదు.

అమ్మ ఉదయం నుంచీ నా చుట్టూ తిరుగుతోంది. "మిరుగం నాడు చేప తినకుంటే ఏడాదంత దగ్గు, దమ్ము. నీ ఇష్టం ఇగ."

"మరి తిననోళ్లు ఏం జేస్తరమ్మా?"

"ఇంగువ బెల్లంల వెట్టి మింగుతరు."

అయితే ఇంగువే. ఇంట్లో పొయ్యి మీద చేప ఎక్కదు. అమ్మ, వసంత నాగవ్వ ఇంట్లో తింటారు. పిల్లలకు గుడ్డు కూర. అందరం ఒప్పుకున్నాం. తార నా బుగ్గ మీద ముద్దు పెట్టింది.

జూన్ 8, ఆదివారం

పొద్దున: ఇంగువ, బెల్లం మింగాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా మింగాను.

సిరిసిల్లలో ఒక బట్టల దుకాణం రేపు తెరుస్తున్నారు, ఫ్లెక్సీలు ఈరోజే కట్టాలి. బండి మీద వెళ్లాను. కట్టాను. వెంటనే తిరిగొచ్చేయాల్సింది. కానీ వసంత వాళ్ల నాన్న, మా మామ సారయ్య ఇల్లు ఆ వెనక సందులోనే. చూడకుండా వస్తే బాగుండదు. మంచినీళ్లు తాగి వచ్చేద్దామనుకున్నాను.

ఆకు వేసి ఉంది. బొచ్చె పులుసు, కొర్రమట్ట వేపుడు.

"మామా, నేను తింటలేను. బిడ్డకు మాటిచ్చిన."

మామ ముఖం చిన్నబోయింది. "మిరుగం నాడు అల్లుడు ఇంటికొచ్చి ఉత్త కడుపుతోని వోతే నలుగురు ఏమనుకుంటరు? మా ఇంట్ల పెట్టలేదనుకుంటరు. జర పులుసన్న పోసుకో."

పులుసు చేప కాదు. పోసుకున్నాను.

పులుసులో ఒక ముక్క వచ్చింది. తీసి పక్కన పెడితే మా అత్త బాధపడుతుంది.

తర్వాత లెక్క పెట్టలేదు. తలకాయ మాత్రం నాకే వేశారు.

అక్కడే గుచ్చుకుంది. ముల్లు. గొంతులో, అడ్డంగా. ఇన్నేళ్లలో ఎప్పుడూ జరగలేదు. ఉత్త అన్నం ముద్ద మింగాను. పోలేదు. వేములవాడ బస్టాండు దగ్గర బండి ఆపి అరటిపండ్లు మింగాను. పోలేదు. మాట రావడం లేదు.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురుంది. అమ్మ నన్ను చూడగానే, "నోరు తెరు. ముల్లు ఇరికిందా?" అంది. ఇల్లంతా వినబడేలా.

"డాడీ చేప తిన్నడు!" అన్నాడు క్రాంతి. వాడికి పండగలా ఉంది.

తార తొట్టి పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. నా వైపు చూసి మెల్లగా అడిగింది.

"ఎన్ని ముక్కలు?"

చెయ్యి ఎత్తి వేళ్లు చూపించాను. ఐదూ.

"నేను రెండే."

వసంత నా వైపు చూసింది. అమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. నాగవ్వ ఇంట్లో అందరూ తింటుంటే ఈ పిల్ల గుడ్డు కూర పక్కకు జరిపిందట. ఎవరూ బలవంతం చేయలేదట.

"నాయినమ్మ వద్దన్నది. నేనే అడిగి తిన్న" అంది తార. అప్పుడు ఏడుపు మొదలైంది. "మస్తుగుండె డాడీ. ఇగ నేను గూడ మేత వెయ్యద్దు గద? ఇయ్యాల ఎయ్యలే."

మేత డబ్బా ఆమె పక్కనే మూత పెట్టి ఉంది. మధ్యాహ్నం నుంచి పిల్ల తొట్టి ముట్టుకోలేదని వసంత చెప్పింది. తన మీద తానే నిషేధం పెట్టుకుని, నాలాగే దూరంగా కూర్చుంది. నేను రొయ్యకొక సాకు, పులుసుకొక సాకు వెతుక్కున్నాను. ఆరేళ్ల పిల్ల ఒక్క సాకూ చెప్పలేదు. పక్కన కూర్చుని దగ్గరికి తీసుకున్నాను. నాకూ ఏడుపొచ్చింది. ఏడుస్తూ మింగిన గుటకలో ముల్లు దిగిపోయింది.

వచ్చిన మొదటి మాట, "వేద్దాం బిడ్డా, ఇద్దరం వేద్దాం" అని. తార తల అడ్డంగా ఊపింది. "ఇయ్యాల వద్దు. ఇయ్యాల మన దగ్గర వాసనొస్తది."

జూన్ 9, సోమవారం

తార నన్ను నిద్ర లేపింది. ఇద్దరం సబ్బుతో చేతులు కడుక్కున్నాం. ఆమె నా చెయ్యి వాసన చూసింది. "ఇంకోపారి." మళ్లీ కడిగాను. నేను ఆమెది చూశాను. అదీ ఇంకోసారే.

ఫ్లెక్సీ విప్పేశాను. కొత్తది ఏమీ కట్టడం లేదు. ఇక ఎవరమూ చేపలు తినం, రొయ్యలు తినం, ఎండువి తినం, పులుసు తాగం. అన్నీ నేనే చెప్పాను, తార ఒక్కొక్కదానికీ తలూపింది. క్రాంతిని అడిగితే, "నేను తింట" అని ఆడుకోవడానికి వెళ్లిపోయాడు.

అప్పుడే వసంత ఫ్రిజ్ తలుపు తెరిచి, మామ నా బండికి కట్టి పంపిన స్టీలు డబ్బా బయటపెట్టింది. కొర్రమట్ట వేపుడు, ఇంకా నాలుగు ముక్కలు. తార నన్ను చూసింది. నేను తారను చూశాను. పారేస్తే తాతయ్య బాధపడతాడని ఆమే అంది. చెరి రెండు, మధ్యాహ్నం అన్నంలోకి.

తర్వాత మేత డబ్బా మూత తీసి, నా అరచేతిలో చిటికెడు పోసింది. బడి తెరవకముందే. నేను అడగకుండానే.

"జర జర ఎయ్యి. అన్ని ఒక్కపారి గాదు."

వేళ్లు నీళ్ల దాకా దించాను. జిలేబీ ముందు వచ్చింది. తర్వాత బూందీ, రిబ్బను, చిట్టి. కాకిపిల్లలు రెండూ చివరికి. ఆరూ నా వేళ్ల చుట్టూ చేరాయి.

"సూశినవా డాడీ, నిన్ను జూసి భయపడ్తలేవు" అంది తార, నా మోచేతికి ఆనుకుని.

రేపటి నుంచి చేపలు బంద్. ఇద్దరికీ.