తడి

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను గౌరీ. ఎదురుగా ఉన్నప్పుడే నా కథలు సగం వినేదానివి కాదు. కానీ ఈరోజు మన బండికి పెట్రోలు ఫిల్టర్ మార్చాను. అది నీకు చెప్పకుండా ఎలా?

"ఈసారి స్టార్ట్ గాకుంటే పాత ఇనుముకు ఏసేద్దాం మామా, ఎన్నాళ్లు పెట్టుకుంటావు?" అన్నాడు అల్లుడు. మెకానిక్ దగ్గరికి పోవచ్చు, కానీ అతనూ నా కథలు విననివాడే.

తొలిసారి మార్చినప్పుడు పైపు పట్టుకున్నది నువ్వే. క్లిప్పు ఇంకా వేయలేదని "తడి, తడి" అన్నావు. చోరనూరు కన్నడం నీది, ఆగమని నీ అర్థం. తెలుగువాణ్ణి, తడి ఎక్కడా అని వంగి చూస్తూ పెట్రోలు కాక్ తిప్పేశాను. నీ చీరంతా పెట్రోలే.

"ఏన్రీ, తడి అంటే ఆగమని. తడపమని కాదు" అన్నావు. ఆ తర్వాత బండెక్కిన ప్రతిసారీ, చీర సర్దుకునేదాకా "తడి" అనేదానివి. నేను ఆగేవాణ్ణి.

ఈరోజు పైపూ నేనే పట్టుకున్నాను. క్లిప్పులు బిగించి, కాక్ మీద చెయ్యి వేసి కాసేపు ఆగాను. ఎవరూ ఏమీ అనలేదు. తిప్పి, పైపు కింద వేలు పెట్టి చూశాను. తడి లేదు.

కిక్ కొట్టాను. బండి స్టార్టయింది.