బెల్లం వేళ్ళు

కుస్వతి అక్కకు వార్సితి సలాములు.

అక్కా, నాకు చచ్చేంత భయంగా ఉంది. ఏడో నెల స్నానం వేడుకకు ముందు నర్సమ్మ నా వేలు గుచ్చి చూసింది. షుగరు రెండొందల నలభై! కడుపులో బిడ్డకు ప్రమాదమట. అత్తగారేమో మిషనే అబద్ధాలాడుతోందని దాన్ని లాక్కుని, పాకం కలుపుతున్న మా ఆయన వేలూ, తన వేలూ, ఇరుగుపొరుగు వేళ్ళూ గుచ్చేసింది. అందరికీ రెండొందల పైనే. ఇప్పుడు నా జబ్బు ఊరంతా అంటుకుందంటున్నారు. నేను అన్నం మానేశాను. బిడ్డ కాసేపు కదలకపోతే నా ప్రాణం పోయినంత పనవుతోంది.

నీ చెల్లి,
వార్సితి

తా.క. మళ్ళీ గుచ్చుతుందని భయపడి నీ మరిది కొబ్బరిచెట్టెక్కాడు. అత్తగారు కింద కాపలా కాస్తోంది.

---

వార్సితికి అక్క ఆశీస్సులు.

పిచ్చిమొహమా, ముందు అన్నం తిను! పొద్దస్తమానం నీరా కాచి బెల్లం తీసే ఊరు మీది. ఆ వేళ్ళు గుచ్చితే చర్మం మీది బెల్లమే మిషనుకెక్కుతుంది. సబ్బుతో కడిగి, బాగా ఆరాక గుచ్చమను. నేను పనిచేసే ఆసుపత్రికి మామిడిపండు తిన్న చేత్తో వచ్చేవాళ్ళదీ ఇదే గొడవ. నీకేం లేదు, నాదీ పూచీ.

కుస్వతి

తా.క. అందరికీ ఒకే సూదా? వద్దులే, చెప్పకు. నాకూ భయమే.

---

అక్కకు సలాములు.

అత్తగారు మనిషికో సూది మార్చిందిలే, నర్సమ్మ డబ్బా ఒకటి ఖాళీ. ఊరంతా బావి దగ్గర చేతులు కడుక్కుని గుచ్చించుకున్నారు. అందరివీ దిగిపోయాయి. అత్తగారు సంబరంగా బెల్లం జావ కాచి పంచింది. నన్ను మాత్రం ఎవరూ గుచ్చలేదు, నువ్వు పూచీ ఇచ్చావుగా! గిన్నె చేతికిచ్చి, "మీ అక్క చెప్పిందిగా, తాగవే" అంది అత్తగారు. గిన్నె పక్కన పెట్టేశాను. వేళ్ళు మండేదాకా తోముకుని, నన్నూ గుచ్చమని నర్సమ్మను బతిమాలాను. కాస్త దిగింది. కాస్తే.

జిల్లా ఆసుపత్రిలో చేతి నరం నుంచి రక్తం తీసి చూశారు. వేలి మీది బెల్లం కొంతేనట అక్కా, మిగతాదంతా నా రక్తంలోదే. రేపటి నుంచి ఇన్సులిన్. వేళకు పొడిస్తే బిడ్డకేం కాదంటున్నారు. నీ మీద కోపం లేదు. కానీ నువ్వు రా. ఒక్కదాన్నే ఉండలేకున్నాను.

నీ వార్సితి

తా.క. ఇన్సులిన్ తనే పొడుస్తానంటోంది అత్తగారు. ఊరంతా గుచ్చి చెయ్యి బాగా తిరిగిందట. త్వరగా బస్సెక్కు.