కాటా కొక్కెం

మైదుకూరు,
20 మే 2006

బావగారికి,

మీ తమ్ముడు వద్దంటున్నా నేనే రాస్తున్నాను. అత్తమ్మ కాలి పుండుకు పద్నాలుగు రోజులు ఇంట్లోనే మందు ఎక్కించవచ్చని, చుక్కలు చూసుకునే మనిషి ఉంటే మందు పంపే కరెంటు మిషను అక్కర్లేదు, సీసా వేలాడదీస్తే చాలని డాక్టరు మీ ముందరే చెప్పాడు. ఆ మనిషి నేనే. అందుకే అత్తమ్మ మంచం ముందుగదిలోని మన అంగట్లోకి జరిపి, మామయ్య కాలంనాటి కాటా దించి, ఆ కొక్కేనికి సీసా తగిలించాను. అంత ఎత్తున గట్టి కొక్కెం ఇంట్లో ఇంకెక్కడా లేదు.

"లచ్చిమి ఉండే తావున రోగం సీసా తగిలిస్తాండావా?" అని మీరు వచ్చి వీధంతా వినేలా అరిచారు. కాటాను మళ్లీ ఎక్కించి, అద్దె మిషను పెట్టించి, కర్నూలు బస్సెక్కారు. మరుసటి రోజు పొద్దున్నే కరెంటు పోయింది. మిషను బ్యాటరీ పావుగంట కూడా నిలవలేదు. మందు ఆగిపోయి గొట్టంలోకి రక్తం వచ్చింది. మీకు ఫోన్ చేస్తే, "కరెంటోళ్లను అడుగు పో" అని పెట్టేశారు.

కాటా మళ్లీ దించి సీసా తగిలించాను. "ఇన్నేండ్లు సరుకు మోసిన కొక్కెమే గదమ్మా, ఇంగ నన్ను మోయనీ" అంది అత్తమ్మ. జ్వరం తగ్గింది. నిన్న లేచి కూర్చుని అన్నం తినింది.

మిషనుతోపాటు మీ లక్ష్మిని, ఆ కాటాను కూడా గోనెసంచిలో కట్టి ఈ రోజు బస్సుకు వేయించాను. మీ ఇంట్లోనే తగిలించుకోండి. మీ అమ్మను చూడాలనిపిస్తే రండి. కొక్కెం వైపు చెయ్యి ఎత్తారంటే మాత్రం, ఈసారి వీధంతా వినేది నా గొంతు.

మీ మరదలు