అన్నీ ఎడమ చేతులే

ఏమేవ్, మన పెద్దదాని ఉద్యోగం నిలిచింది, దాని కింద కుట్టే ఆవిడదీ నిలిచింది! ఆవిడ కంగారులో ముప్పై చొక్కాలకు రెండువైపులా ఎడమ చేతులే కుట్టేసిందట. "ఎవరిదీ నిర్వాకం? తీసెయ్యండి" అని యజమాని గుడ్లురిమితే, మనది ముందుకెళ్లి "సరిచూడాల్సింది నేను. తీసేస్తే నన్నే తీసెయ్యండి" అందట. పదిమందీ కలిసి సాయంత్రంలోగా కుట్లు విప్పి సరిచేస్తే ఆయనే ఇద్దర్నీ పనిలో ఉండమన్నాడట. దీనికింత గుండె ఎక్కణ్ణుంచి వచ్చిందే? నేను కుట్టు మేస్త్రీగా ఉన్నప్పుడు తప్పు జరిగితే ముందు ఎదుటివాడి మీదికి వేలు చూపించేవాణ్ణి కదా. నీ పోలికా? నిజం రాయి. నా పెద్ద కత్తెర దానికి పంపు. చూరు కారడం ఆగిందా? చల్లగా ఉండు. పెద్దక్కకి, బావకి, చిన్నమ్మాయికి, వియ్యపురాలికి ఇవాళే చెప్పు. మీ తమ్ముడికి మాత్రం చెప్పకు. అప్పట్లో నేను వేలు చూపిస్తే పని పోయింది వాడికే కదా, వాడికి నేనే వచ్చి చెబుతాను.