మా చెల్లెలికి ఏమీ లేదు

గోరిమేడు,
జులై 2006

ముద్దుల చెల్లెలు నివేదితకి,

నిన్ను బస్సెక్కించి వచ్చినప్పటి నుంచి మా డిపార్ట్‌మెంటులో అందరిదీ ఒకటే మాట: "కార్తికేయన్, మీ చెల్లెలు ఎంత కలుపుగోలు పిల్లో!" నాకెంత గర్వమో చెప్పలేను. నా పరిశోధనకి దిగులూ ఆందోళనా ఉన్న పిల్లలు ఆస్పత్రిలోనే దొరుకుతారు. వాళ్ళతో పోల్చి చూడటానికి ఏ దిగులూ లేనివాళ్ళు దొరకడమే కష్టం. అందుకే నిన్ను పిలిచాను.

ఒక్క చిక్కు. నిన్ను పడుకోబెట్టి తీసిన గుండె గీత, అదే ఈసీజీ, సరిగా రాలేదు. ఆరోగ్యమైన గుండె గడియారంలా కొట్టుకోదమ్మా. ఊపిరి పీల్చినప్పుడు కాస్త తొందరపడుతుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. దిగులుతో ఉన్న పిల్లల్లో ఈ హెచ్చుతగ్గులు తక్కువగా ఉంటాయని కొందరు అంటున్నారు. మేం చూస్తున్నది అదే. నీ గీతలో ఆ తేడా దాదాపు లేనే లేదు! మిషనే ఏదో తప్పు చేసి ఉంటుంది. శనివారం ఇంకోసారి రా.

నీ అన్న,
కార్తికేయన్


కిరుమాంబాక్కం

ప్రియమైన అన్నకి,

ఫోను నట్టింట్లో ఉంది. శనివారం రమ్మని నువ్వు ఫోను చేసినప్పుడు నాయన పక్కనే ఉన్నాడు, అందుకే అన్నిటికీ సరే సరే అన్నాను. ఈ తమిళ ఊళ్ళో అవ్వ నేర్పిన తెలుగు అక్షరాలు మన ఇంట్లో మనిద్దరికే వచ్చు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నేను రాలేను. పరీక్షలు దగ్గరపడ్డాయి. అమ్మ బాగుంది. నాయన వేరుశనగ పనుల్లో ఉన్నాడు.

ఒక్క మాట అడగనా? ఆ గీత మీద నా పేరుందా? మీ సారు చూశారా? వీలైతే చించెయ్యి. నవ్వకు.

నివేదిత


గోరిమేడు

పిచ్చి పిల్లా,

నవ్వకుండా ఎలా ఉంటాను? పేరుండదు, నంబరే. అనంతరామన్ సారు చూశారు. "ఈ అమ్మాయితో సరిగా మాట్లాడారా?" అని అడిగారు. "మా చెల్లెలే సార్, దానికేమీ లేదు" అన్నాను. నిజమే కదా? నిద్ర గురించీ ఏడుపు గురించీ ఒక్కొక్కటే నేనే కదా అడిగింది. అన్నిటికీ "అట్లాంటిదేం లేదన్నా" అని నవ్వావు. అందుకే 'మిషన్ లోపం' అని రాసి నీ గీత తీసేశాను.

ఇక్కడికొచ్చే పిల్లల్ని చూస్తే నీకే తెలుస్తుంది. తలెత్తి మాట్లాడలేరు పాపం. మన ఇంట్లో ఎవరికుంది అట్లాంటి జబ్బు? పరీక్షలు బాగా రాయి.

ప్రేమతో,
అన్న


కిరుమాంబాక్కం

అన్నా,

మిషన్ తప్పేమీ లేదు. తలెత్తి మాట్లాడలేని ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్ని.

కాలేజీకి పోవడం ఎప్పుడో మానేశాను. పొద్దున అన్నం డబ్బా తీసుకుని బస్సెక్కి, కాలేజీ దాకా పోకుండా ఉప్పళం స్టాపులో దిగి, అక్కడి మైదానం గట్టు మీద కూర్చుంటాను. క్లాసు గది తలుచుకుంటేనే గుండె దడదడలాడి చేతులు చల్లబడతాయి. డబ్బాలో అన్నం కుక్కలకి పెడతాను. సాయంత్రం ఖాళీ డబ్బా చూసి అమ్మ "అంతా తినేసినావా, నా తల్లే" అని మురిసిపోతుంది. అప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. తెల్లారితే ఎందుకు లేచానా అనిపించే రోజులు ఎక్కువైపోయాయి.

నువ్వు తెల్లకోటు వేసుకుని, అందరికీ "మా చెల్లెలు" అని చూపించి, నా ఎదుట కూర్చున్నావు. ఏడుపు వస్తోందా అని నువ్వు అడుగుతుంటే నాకు నిజంగానే ఏడుపొచ్చింది. కానీ 'లేదు' అన్న చోట టిక్కు పెట్టడానికి నువ్వు ముందే పెన్ను ఆనించి ఉంచావన్నా. ఎట్లా చెప్పేది?

నాయనకి చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

నివేదిత


గోరిమేడు

నా చెల్లెలా,

నీ ఉత్తరం అందగానే పరుగెత్తుకొచ్చాను గాని, నీ ఎదుట ఒక్క మాటా సరిగా రాలేదు. అందుకే రాస్తున్నాను.

సారుకి నిజం చెప్పాను. తిట్టలేదు. "గీత జబ్బు పేరు చెప్పదయ్యా. అలా రావడానికి వంద కారణాలుంటాయి. ఇంకోసారి అడగమని మాత్రం చెబుతుంది. మీరు అడగలేదు" అన్నారు. నేల చూస్తూ నిలబడ్డాను. రోజూ పరాయి పిల్లల దిగులు కొలిచేవాణ్ణి, నీ కళ్ళలోకి చూడలేదు. ఆ పిల్లల గురించి నీకు అలా రాసినందుకు మరీ సిగ్గుపడుతున్నాను.

నువ్వు సరేనన్నాకే నాయనకి చెప్పాను. లేచి పొలానికి వెళ్ళిపోయాడు గాని, తిరిగొచ్చాక సోమవారం నిన్ను ఆస్పత్రికి తీసుకొస్తానన్నాడు. లోగనాయకి అని మంచి డాక్టరమ్మ ఉంది. నేను ఆ చుట్టుపక్కల ఉండను. ఆమెకి అన్నీ చెప్పు.

అన్న


కిరుమాంబాక్కం

ప్రియమైన అన్నకి,

అన్నీ చెప్పాను. ఇది దిగులు జబ్బనీ, నయమవుతుందనీ డాక్టరమ్మ అంది. మాత్రలిచ్చి, వారం వారం వచ్చి మాట్లాడమంది. అంతకు ముందు జరిగింది నీకు తెలియదు.

మేం తలుపు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. పైన మానసిక వైద్యమని ఎంత పెద్ద బోర్డో! మన వీధిలో ఎరువుల అంగడి కేశవన్ అటుగా వచ్చాడు.

"ఏంది ధనపాలూ, ఈడ ఉండావు?"

"మోకాలు నొప్పి" అన్నాడు నాయన.

కేశవన్ బోర్డు చూశాడు, నన్ను చూశాడు. నేను చున్నీ ముఖం మీదకి లాక్కున్నాను. దాచిపెట్టాల్సిన దాన్నయిపోయాను కదా అనుకున్నాను. అతను నాలుగడుగులు వేశాడో లేదో నాయన గబుక్కున లేచాడు.

"కేశవా, నిలు! మోకాలు కాదబ్బా. బిడ్డకి మనసు బాగలేదు. దానికే వచ్చినాం."

బెంచీల మీది వాళ్ళంతా తిరిగి చూశారు. కేశవన్ "ఓహో" అని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. "ఇంక తల ఎట్లా ఎత్తుకొనేది?" అని అమ్మ ఏడ్చింది. ఇప్పటికీ వంటింటి తలుపు మూసి, గుప్పిట్లో దాచి మాత్ర ఇస్తుంది.

నిన్న నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. నాయన పొలానికి పోతూ, నలుగురు నిలబడి మాట్లాడుకుంటున్న చోట సైకిలాపి వెనక్కి తిరిగి అరిచాడు: "పాపా! మాత్ర వేసుకున్నావా?"

అందరూ నా వైపే చూశారు. సిగ్గుతో భూమిలోకి దిగిపోవాలనిపించింది. లోపలికి పోదామనుకున్నాను. నాయన మాత్రం కదల్లేదు. ఒక కాలు నేలకానించి, జవాబు కోసం నిలబడ్డాడు.

"వేసుకున్నా నాయనా!" అని నేనూ అరిచాను.

అప్పుడు పెడలు తొక్కాడు.

ఈ ఆదివారం అన్నానికి రా.

నీ చెల్లెలు,
నివేదిత