డ్రైవర్ మాట వినడంల్యా

హెబ్బగోడి, జూన్ 2

వెంకటరాయప్ప మామకు అర్పిత దండాలు.

మగ్గాల మోతకు నీ చెవులు మందగించినాక ఫోన్లో నేనొకటంటే నువ్వొకటి వింటాండావు. అందుకే ఉత్తరం. కొత్త ఉద్యోగంలో ఒక పెట్టెకు ప్రోగ్రాం రాయడం నేర్చుకుంటాండా. అది మిషన్ల వేడి, అదురు కొలిచి కంప్యూటర్‌కు పంపిస్తాది. పెట్టె బంగారం. డ్రైవరే నా మాట వినడంల్యా. ఇరవయ్యో తేదీ పెద్దోళ్ళ ముందర నడిపి చూపించకపోతే ఉద్యోగం పోతాది.

నీ మేనకోడలు,
అర్పిత

తా.క.: నిన్న డ్రైవర్‌ను మూడుసార్లు తీసేసి మళ్ళీ పెట్టుకున్నా.

దొడ్డబళ్ళాపురం, జూన్ 6

అర్పితకు మామ ఆశీస్సులు.

ఎవుడు పాపా వాడు? మూడుసార్లు తీసేసినా వచ్చినాడంటే మంచోడన్నా అయ్యుండాల, వేరే పని దొరకనోడన్నా అయ్యుండాల. అసలు నీకు కారెప్పుడిచ్చినారు?

ఇట్లు, మామ

తా.క.: మీ మల్లమ్మత్తకు ఈ సంగతి చెప్పలా. ఉత్తరం విప్పింది ఆమే.

హెబ్బగోడి, జూన్ 10

మామా, దండాలు.

డ్రైవర్ మనిషి కాదు! కంప్యూటర్‌కూ పెట్టెకూ మాటలు కలిపే మధ్యవర్తి. దాని అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఒక గడిలో సెకనుకు ఎన్నిసార్లు కొలత అడగాలో, ఇంకో గడిలో జవాబుకు ఎంతసేపు కాచుకోవాలో రాయాల. వెయ్యిసార్లు అడిగితే ఉలకదు, పలకదు. పదికి తగ్గిస్తే ఇంకా మొండికేస్తాది. ఏడుపొస్తాండాది మామా.

అర్పిత

తా.క.: నాకు పని నేర్పే మార్త మేడం ‘ఓపిక పట్టు, అదే దారికొస్తాది’ అంటాండాది.

దొడ్డబళ్ళాపురం, జూన్ 14

పాపా,

మధ్యవర్తి అన్నాక అంతా అర్థమైంది. సంబంధం మాటని ముందే చెప్పొచ్చు కదా! సెకనుకు వెయ్యిసార్లు అడిగితే ఏ మొగోడు పలుకుతాడు? పెద్దోళ్ళకు చూపిస్తానన్నావు కాబట్టి ఇరవయ్యో తేదీ నేనూ వస్తాండా.

ఇట్లు, నీ మేలు కోరే మామ

తా.క.: తాగుతాడా?

హెబ్బగోడి, జూన్ 21

మామకు వేయి దండాలు.

నిన్న నీకు వినపడనిదంతా రాస్తాండా. అందరి ముందర నా ప్రోగ్రాం ఆగిపోయినప్పుడే నువ్వు లోపలికొచ్చి, ‘ఎవరప్పా ఆ డ్రైవర్? నా మేనకోడల్ని ఏడిపిస్తాండాడు!’ అని అరిచినావు. ఆ డ్రైవర్ ప్రోగ్రాం రాసింది మూల కూచున్న వంశీ సార్. లేచి నిలబడి ‘తప్పు నాదే’ అని గొణిగినాడు. నువ్వేమో ‘గట్టిగా చెప్పు!’ అన్నావు. మూడోసారికి అంతస్తంతా వినింది. సెట్టింగుల్లో రెండు గడుల పేర్లు తారుమారుగా రాసినాడంట. నేను ఒకటి మారిస్తే ఇంకొకటి మారతాండె. నెల కిందే తెలిసినా నోరు విప్పలేదంట. నేనేమో నాకే బుర్ర లేదనుకున్నా! అంకెలు అటుదిటు వేస్తే పెట్టె గలగలా పలికింది. నా ఉద్యోగం ఖాయం చేసినారు మామా.

నువ్వు మాత్రం వంశీ సార్ భుజం తట్టి, ‘పిల్ల మంచిది, బాగా చూసుకో’ అని బస్సుకు పోయినావు. ఆయనకు ఇద్దరు బిడ్డలుండారు.

నీ అర్పిత

తా.క.: ఈ పొద్దు వంశీ సార్ ఇంకో రెండు డ్రైవర్లలో తప్పులుండాయని తనే ఒప్పుకున్నాడు. ‘మీ మామను మాత్రం పిలవొద్దమ్మా’ అంటాండాడు.