మెకానిక్ ఇంటి బ్యాటరీ బండి

అమ్మలూ,

నీ బ్యాటరీ బండి నేను తీసుకెళ్తున్నాను, ఇవాళ్టికి నువ్వు బస్సెక్కు. చార్జరు కూడా నా దగ్గరే ఉంది, ఇల్లంతా వెతక్కు. మన కారు మళ్లీ మొరాయించింది. ఊళ్లో కార్లన్నీ బాగుచేసే మెకానిక్ కారు! ఎవరితోనూ అనకు. బండిని షెడ్డు వెనకాల దాచుకుంటాను.

"బొమ్మ బండి, ఆర్నెల్లు కూడా రాదు" అన్నది నేనే. నాలుగేళ్లయింది. నెలంతా నీ బండి చార్జింగుకయ్యే ఖర్చుని, మన కారు, ఆ తెల్ల ఏనుగు, సందు మలుపు తిరిగేలోపే పెట్రోలుగా తాగేస్తుంది. సరే, ఒప్పుకున్నాను.

కార్లవాళ్లు మాత్రం వారానికోసారైనా నన్ను తలుచుకుంటారు. "నాన్నా, బండి ఆగిపోయింది, రా" అని నువ్వు ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదు.

నాన్న

మొన్న నీ బండి బ్రేకు వదులైందని చెప్పి గంటసేపు కూర్చుని బిగించాను చూడు, అది అసలు వదులవలేదు.